పీఆర్వో బీరువాలో ఓ కొలువు!

యూనివర్సిటీ ప్రజా సంబంధాల కార్యాలయంలోని పాత ప్రెస్‌నోట్లు, ఫొటోలు, క్యాసెట్లను ఎవరో ఒకరు పట్టించుకోకపోతే అవి చిత్తుకాగితాల బండి ఎక్కేస్తాయి. వాటిని కాపాడే పని నేర్చుకున్నవారికి, చాలామంది దృష్టి పడని ఒక ఉద్యోగ మార్గం ఉంది. ఆర్కైవ్స్, రికార్డ్స్ మేనేజ్‌మెంట్ రంగం ఎలా ఉంటుంది? ఏం చదవాలి? ఇప్పటినుంచే ఎలా సిద్ధం కావాలి?

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారిని ‘తర్వాత ఏంటి?’ అని అడిగితే గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్, బీఈడీ... ఈ నాలుగైదు మాటలే వినిపిస్తాయి. ‘ఆర్కివిస్టు అవుతా’ అనేవారు అరుదు. ఒక సంస్థ ఎలా నడిచిందో చెప్పే కాగితాలు, ఫొటోలు, టేపులు, డిజిటల్ ఫైళ్లలో ఏవి ఉంచాలో తేల్చి, వరుసలో పెట్టి, అడిగినవారికి అందేలా కాపాడే ఉద్యోగే ఆర్కివిస్టు. ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. మీ యూనివర్సిటీ పీఆర్వో ఆఫీసులో ఉన్న బీరువా చాలు.

ఆ బీరువాలో ఏముంటాయి?

ప్రెస్‌నోట్లు, పత్రికల కటింగులు, స్నాతకోత్సవం ఆల్బమ్‌లు, నెగెటివ్‌లు, ఆహ్వాన పత్రికలు, బ్రోచర్లు, వైస్ ఛాన్స్‌లర్ల ప్రసంగాలు, వార్తలకు పంపిన ఖండనలు, ఆడియో, వీడియో క్యాసెట్లు, తర్వాతి కాలపు సీడీలు, పెన్‌డ్రైవ్‌లు. మిగతా విభాగాల ఫైళ్లలో నిర్ణయాలు ఉంటాయి. పీఆర్వో ఫైళ్లలో ఆ నిర్ణయాలను సంస్థ బయటి ప్రపంచానికి ఎలా చెప్పుకుందో ఉంటుంది.

విద్యాసంస్థలు ప్రచారం కోసం విడిగా మనుషుల్ని పెట్టుకోవడం కొత్తేమీ కాదు. 1900లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన ‘పబ్లిసిటీ బ్యూరో’ తొలి ఖాతాదారుల్లో హార్వర్డ్ యూనివర్సిటీ ఒకటి. మన దగ్గరా పెద్ద యూనివర్సిటీలన్నింటికీ పీఆర్వోలు ఉన్నారు. అయితే వార్త పంపడం వరకే ఆ ఆఫీసు పని అనుకుంటాం. పంపిన వార్త ఏమైందన్నది చాలాచోట్ల ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఇప్పుడే ఎందుకు?

కాకతీయ యూనివర్సిటీ 1976 ఆగస్టు 19న ఏర్పడింది. అంటే 2026తో 50 ఏళ్లు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో మొదలైంది కాబట్టి దానికి అదే ఏడాది నూరేళ్లు. ఉస్మానియా 2017లోనే శతాబ్ది జరుపుకొంది. వరంగల్‌లోని నిట్ (అప్పటి ఆర్ఈసీ) కు 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడే అందరికీ పాత ఫొటోలు గుర్తొస్తాయి. సావనీర్ వేయాలి, ఎగ్జిబిషన్ పెట్టాలి, డాక్యుమెంటరీ తీయాలి. అప్పుడు బీరువా తాళం తీస్తే చెదపురుగులు కనిపించొచ్చు. లేదంటే వెనక ఒక్క మాట కూడా రాయని ఫొటోలు కనిపించొచ్చు. శంకుస్థాపన ఫొటోలో నెహ్రూని ఎవరైనా గుర్తుపడతారు. పక్కన నిలబడ్డ ఇంజినీరు ఎవరు, చివర్లో ఉన్న మేస్త్రీ ఎవరు? చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతారు.

ఇది ఉత్సవాలకే పరిమితమైన విషయం కాదు. ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ 1991 నుంచి 1994 వరకు కాకతీయ యూనివర్సిటీ వైస్ ఛాన్స్‌లర్‌గా పనిచేశారు. తర్వాత తెలంగాణ ఉద్యమానికి సిద్ధాంతకర్తగా నిలిచారు. ఉద్యమం ఉద్ధృతంగా సాగిన రోజుల్లో ఈ క్యాంపస్ విద్యార్థులు ముందు వరుసలో ఉన్నారు. ఆ రోజుల్లో యూనివర్సిటీ అధికారికంగా ఏం ప్రకటించింది, పరీక్షలు ఎప్పుడెప్పుడు వాయిదా వేసింది, పత్రికలు ఏం రాశాయి? రేపు పీహెచ్‌డీ చేసేవారికి ఇవన్నీ కావాలి. ఇక సమాచార హక్కు చట్టం-2005 సంగతి చూస్తే, సెక్షన్ 4(1)(ఎ) ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులను కేటలాగు, ఇండెక్స్ చేసి ఉంచాలి. అడిగినప్పుడు వెతకడం కాదు, అడగకముందే సర్ది ఉంచడం వాటి బాధ్యత.

అసలు ప్రమాదం ఫోన్‌లోనే

పాత కాగితాల కంటే గత పదేళ్ల రికార్డుకే ముప్పు ఎక్కువ. ఇదెలాగంటారా? 1985లో ప్రెస్‌నోటు టైపు చేస్తే ఆఫీస్ కాపీ ఒకటి ఫైల్లో ఉండేది. ఇప్పుడు ప్రెస్‌నోటు, ఫొటోలు నేరుగా విలేకరుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్తున్నాయి. ఆ ఉద్యోగి ఫోన్ మార్చినా, బదిలీ అయినా, రిటైరైనా ఆ రికార్డు వారితోపాటే పోతుంది. పైగా మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది. కెమెరా నమోదు చేసిన తేదీ, సమయం లాంటి వివరాలూ చెరిగిపోతాయి. అంటే గ్రూపులో ఉన్నది అసలు ఫొటో కాదు, దాని పలచటి నకలు. 1985 ఫైలు చెదలు పట్టినా బీరువాలోనే ఉంటుంది. 2018 ఫైలు అసలు ఎక్కడా లేకపోవచ్చు.

ఎనుమాముల యార్డు నేర్పే పాఠం

ఆర్కైవ్స్ పాఠాల్లో మొదట వినిపించే మాట ‘ప్రొవెనెన్స్’. అంటే రికార్డు పుట్టుక. విద్యార్థులు ఇక్కడే తికమక పడతారు. వరంగల్ వాళ్లకు మాత్రం ఇది సులువుగా అర్థం కావాలి. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి సీజన్లో ఎప్పుడైనా వెళ్లి చూడండి. యార్డంతా ఎర్రటి బస్తాలే. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అయినా ఏ రైతు మిర్చి ఏదో, ఏ అడ్తిదారు దగ్గర దిగిందో, కాంటా ఎంతైందో, ఏ ఖరీదుదారు ఎంతకు కొన్నాడో తెలుస్తుంది. గేటు దగ్గర నమోదు నుంచి చేతికి తక్‌పట్టీ వచ్చేదాకా ప్రతి దశలో ఒక రాత ఉంటుంది కాబట్టే అది సాధ్యం. ఆ చీటీలు పోయి రెండు లాట్లు కలిసిపోయాయనుకోండి. సరుకు ఎక్కడికీ పోదు, కానీ అది ఎవరిదో చెప్పలేం.

రికార్డుల్లోనూ అంతే. పీఆర్వో ఆఫీసు నుంచి వచ్చిన ఫొటోలను రిజిస్ట్రార్ ఆఫీసు ఫొటోలతో కలిపేసి ‘ఫొటోలు’ అని ఒక పెట్టెలో వేస్తే పని చక్కగా కనిపిస్తుంది, సాక్ష్యం మాత్రం చచ్చిపోతుంది. అందుకే రెండు నియమాలు:

• ఎవరి రికార్డు వారి పేరుతోనే విడిగా ఉండాలి.
• ఆ ఆఫీసు ఏ వరుసలో పెట్టుకుందో వీలైనంతవరకు ఆ వరుసే ఉంచాలి.

ఫ్రాన్స్‌లో 1841లోనే రూపుదిద్దుకున్న మొదటి నియమాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా పాటిస్తోంది.

పని మొదలయ్యేది ఇలా

1. సర్వే: ఏ గదిలో, ఏ బీరువాలో ఏమున్నాయో రాసుకోవాలి. దేన్నీ కదపకముందే ఫొటో తీసుకోవాలి.

2. ఎంపిక: అన్నీ దాచడం కుదరదు, దాచకూడదు కూడా. ప్రెస్‌నోటు తుది ప్రతి, కీలక మార్పులున్న చిత్తుప్రతి, ఖండనలు, ప్రసంగాలు, అసలు ఫొటోలు శాశ్వతంగా ఉండాలి. ఒకే బ్రోచర్ 200 కాపీలుంటే రెండు మూడు చాలు. టీ బిల్లులు, కొరియర్ రసీదుల్లాంటివి ఆడిట్ గడువు ముగిశాక నిబంధనల ప్రకారం తీసేయొచ్చు. ఏది ఎన్నేళ్లు ఉంచాలో చెప్పే పట్టికను ‘రిటెన్షన్ షెడ్యూల్’ అంటారు. దీన్ని తయారుచేయడం వచ్చినవారికి కార్పొరేట్ సంస్థల్లోనూ గిరాకీ ఉంటుంది.

3. వివరణ: అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి రూపొందించిన ‘ఇసాడ్-జీ’ ప్రమాణం ప్రకారం కనీసం ఆరు వివరాలు తప్పనిసరి. గుర్తింపు సంఖ్య, శీర్షిక, సృష్టించినవారు, తేదీలు, పరిమాణం, స్థాయి. ‘స్థాయి’ అంటే అది మొత్తం సంచయమా, శ్రేణా, ఒక ఫైలా, ఒకే ఒక్క కాగితమా అని చెప్పడం.

4. భద్రత: పిన్నులు, స్టేపుల్స్, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. సెల్లోటేపు అస్సలు వేయొద్దు. ఆమ్లం లేని ఫోల్డర్లు, పెట్టెలు వాడాలి.

ఒక లెక్క వేద్దాం. ఒక ఆఫీసు రోజుకు రెండు ప్రెస్‌నోట్లు, ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే ఏడాదికి 500. యాభై ఏళ్లకు 25,000. రోజుకు 200 పేజీలు స్కాన్ చేసినా, ఒక్కోటి ఒక్క పేజీయే అయినా 125 రోజులు పడుతుంది. ఇక ప్రతిదానికీ వివరాలు రాయడానికి అంతకు ఎన్నో రెట్లు సమయం కావాలి. ‘స్కానర్ కొన్నాం, అయిపోతుంది’ అనుకునే ప్రాజెక్టులు మధ్యలో ఆగేది ఇక్కడే. ఆ లెక్క ముందే చెప్పగలిగిన అభ్యర్థిని ఇంటర్వ్యూ బోర్డు గుర్తుపెట్టుకుంటుంది.

కాగితం, క్యాసెట్, ఫాంటు

న్యూస్‌ప్రింట్ కాగితంలో లిగ్నిన్ ఎక్కువ. అందుకే పేపర్ కటింగులు ముందు పసుపు పచ్చగా మారి, తర్వాత ముట్టుకుంటే పొడిపొడి అవుతాయి. వీటిని స్కాన్ చేసి, మంచి కాగితంపై నకలు తీసి ఉంచడం మేలు. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, వానాకాలం తేమ ఎక్కువ. ఈ హెచ్చుతగ్గులే కాగితానికి పెద్ద శత్రువు. 2023 జులై వానలకు వరంగల్, హనుమకొండల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. కాబట్టి రికార్డులు నేలమీద, కింది అరల్లో పెట్టొద్దన్నది ఇక్కడ పుస్తకంలో చదివే నియమం కాదు, కళ్లారా చూసిన అవసరం.

క్యాసెట్లది ఇంకో సమస్య. టేపు బాగానే ఉన్నా ఆడించే యంత్రం దొరకదు. అయస్కాంత టేపుల్లోని రికార్డులను 2025లోగా డిజిటల్‌లోకి మార్చకపోతే చాలావరకు పోతాయని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. ఆ గడువూ దాటిపోయింది. కనుక బీరువాలో క్యాసెట్లుంటే మొదటి ప్రాధాన్యం వాటికే.

తెలుగువారికి మాత్రమే అర్థమయ్యే చిక్కు మరొకటి ఉంది. అదే ఫాంటు! యూనికోడ్ వాడకంలోకి రాకముందు ప్రెస్‌నోట్లను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసేవారు. ఆ ఫైలును ఇవాళ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. ఫైలు ఉంది, చదవలేం. వెతికితే దొరకదు. ఇలాంటివాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నా వత్తులు, గుణింతాల దగ్గర తప్పులొస్తాయి. ఒక మనిషి కూర్చుని సరిచూడాల్సిందే. తెలుగు బాగా వచ్చి, పాత ఫాంట్ల సంగతి తెలిసి, ఓసీఆర్ వాడగలిగినవారు తెలుగు రాష్ట్రాల డిజిటైజేషన్ ప్రాజెక్టుల్లో ఎప్పుడూ పనికొస్తారు. తెలుగు లిటరేచర్ విద్యార్థులూ, ఇది మీ గురించే!

ప్రచారం వేరు, సాక్ష్యం వేరు

‘పీఆర్వో ఆఫీసు కాగితాలంటే అంతా పొగడ్తలే కదా, వాటినెందుకు దాచడం?’ న్యాయమైన ప్రశ్నే. రామప్ప గుడి సంగతి చూడండి. అది 1213లో నిర్మించిందని మనకు అక్కడి శాసనం వల్లే తెలుస్తుంది. కట్టించిన రేచర్ల రుద్రుడిని, కాకతీయ ప్రభువులను కీర్తించే శాసనమది. ఒక రకంగా ఆ కాలపు ప్రెస్‌నోటు. పొగడ్తను పక్కనపెట్టి తేదీని, పేర్లను చరిత్రకారులు తీసుకున్నారు. 2021లో ఆ గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మనం గర్వంగా చెప్పుకున్న తేదీ కూడా అదే.

ప్రెస్‌నోటునూ అలాగే చదవాలి. అందులో ఉన్నదెంత ముఖ్యమో, లేనిదీ అంతే ముఖ్యం. అందుకే మంచి యూనివర్సిటీ ఆర్కైవ్ అధికారిక ప్రకటనతో ఆగదు. అదే వారం విద్యార్థి సంఘాలు వేసిన కరపత్రం, అధ్యాపకుల సంఘం లేఖ, పత్రికలో వచ్చిన విమర్శ... వీటినీ పక్క శ్రేణుల్లో చేరుస్తుంది. సంస్థకు నచ్చని కటింగును ఫైల్లోంచి తీసేయమని ఎవరైనా చెబితే ఏం చేస్తారన్నది ఈ వృత్తిలో మీకెదురయ్యే నిజమైన పరీక్ష. ‘తీసేయను. అవసరమైతే నిబంధనల ప్రకారం కొంతకాలం చూపించకుండా ఉంచుతాను’ అన్నదే సరైన జవాబు.

చూపించకూడనివీ ఉంటాయి మరి. విద్యార్థుల ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఆరోగ్య వివరాలు, క్రమశిక్షణ చర్యల కాగితాలు స్కాన్ అయినంత మాత్రాన ఇంటర్నెట్లో పెట్టకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం-2023లో ఆర్కైవింగ్‌కు షరతులతో కొంత మినహాయింపు ఉంది. ఆ షరతులేంటో చదివి తెలుసుకోండి. పత్రికల కటింగులపై కాపీరైటు పత్రికలదే. వాటిని రీడింగ్ రూములో చూపించడం వేరు, వెబ్‌సైట్లో పెట్టడం వేరు.

ఏం చదవాలి?

• ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియాకు చెందిన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమా నిర్వహిస్తుంది. పేరు: డిప్లొమా ఇన్ ఆర్కైవ్స్ అండ్ రికార్డ్స్ మేనేజ్‌మెంట్. పీజీ చేసినవారు ప్రయత్నించొచ్చు. అర్హత, సీట్లు, ఫీజు వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్లోనే చూసుకోండి.
• రికార్డ్స్ మేనేజ్‌మెంట్, రెప్రోగ్రఫీ, రికార్డుల మరమ్మతు, పుస్తకాలు, రాతప్రతుల సంరక్షణ లాంటి అంశాల్లో అక్కడే కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సులు కూడా ఉన్నాయి.
• కాకతీయ, ఉస్మానియా యూనివర్సిటీల్లో లైబ్రరీ సైన్స్ చదవొచ్చు. ఈ చదువుతో లైబ్రరీ పోస్టులకూ అర్హత ఉంటుంది కాబట్టి రెండు దారులూ తెరిచే ఉంటాయి.
• హిస్టరీ, తెలుగు, ఉర్దూ, జర్నలిజం, కంప్యూటర్స్... ఏ నేపథ్యమైనా పనికొస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు పర్షియన్ పత్రాలున్నాయి. నిజాం కాలపు రికార్డులు చదవాలంటే ఉర్దూ, పర్షియన్ వచ్చినవారే కావాలి.
• ఏటమ్, ఆర్కైవ్స్‌స్పేస్, డీస్పేస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కటైనా మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని సాధన చేయండి.

కొలువులు ఎక్కడ?

ముందే ఒక నిజం చెప్పుకోవాలి. ప్రభుత్వంలో ఆర్కివిస్టు పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఏటా రావు. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్కివిస్టు లాంటి పోస్టులకు యూపీఎస్సీ ప్రకటనలు ఇస్తుంటుంది. దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

సంస్థల సొంత ఆర్కైవ్స్ మరో దారి. పుణెలో రిజర్వ్ బ్యాంక్ ఆర్కైవ్స్ 1981 నుంచి ఉంది. 1991లో మొదలైన టాటా సెంట్రల్ ఆర్కైవ్స్ కూడా ఇప్పుడు అక్కడే ఉంది. ముంబయిలో గోద్రెజ్ ఆర్కైవ్స్, బెంగళూరులో 2019లో మొదలైన ఎన్‌సీబీఎస్ ఆర్కైవ్స్, అశోకా యూనివర్సిటీ, ఐఐఎం అహ్మదాబాద్ ఆర్కైవ్స్ కూడా చెప్పుకోదగ్గవే. కొన్నిచోట్ల ఇంటర్న్‌షిప్‌లు ఇస్తారు. ఇవి కాక పత్రికల రిఫరెన్స్ విభాగాలు, డిజిటైజేషన్ కాంట్రాక్టు సంస్థలు, మ్యూజియంలు, ఆసుపత్రులు, బ్యాంకులు, న్యాయ సంస్థల రికార్డ్ రూములు ఉన్నాయి. పేరు ఆర్కివిస్టు అని ఉండకపోవచ్చు. రికార్డ్స్ ఎగ్జిక్యూటివ్, డాక్యుమెంట్ కంట్రోలర్, మెటాడేటా అసోసియేట్, డిజిటల్ అసెట్ మేనేజర్ అన్న పేర్లతోనూ వెతకండి. మొదటి ఉద్యోగం ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలోనే దొరుకుతుందని గుర్తుంచుకుని దిగండి.

నెల రోజుల్లో మీ పోర్ట్‌ఫోలియో

అనుభవం లేదని వెనకడుగు వేయొద్దు. మీ కాలేజీలోనే చేయొచ్చు.

మొదటి వారం: ప్రిన్సిపల్ లేదా పీఆర్వో అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఒకే ఒక్క ఆల్బమ్ లేదా ఒకే ఏడాది ప్రెస్‌నోట్ల ఫైలు ఎంచుకోండి. ఎక్కువ పెట్టుకోవద్దు. ఎనుమాముల చుట్టుపక్కల ఉండేవారు మార్కెట్ కమిటీ అనుమతిస్తే ఒక సీజన్ ధరల ప్రకటనలు, వాటిపై వచ్చిన కటింగులు తీసుకోవచ్చు. పద్ధతి అదే.

రెండో వారం: కాగితాలు 300 డీపీఐలో, ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయండి. అసలు ప్రతి టిఫ్‌లో, చూసేందుకు జేపెగ్ లేదా పీడీఎఫ్‌లో ఉంచండి. ఫైలు పేరు ఏడాది-నెల-తేదీ క్రమంలో మొదలవ్వాలి. అప్పుడే కంప్యూటర్లో అవి కాలక్రమంలో వస్తాయి.

మూడో వారం: ఎక్సెల్‌లో పైన చెప్పిన ఆరు వివరాలతో పట్టిక తయారుచేయండి. ఫొటోల్లో ఉన్నవారిని గుర్తుపట్టడానికి రిటైరైన లెక్చరర్లు, అటెండర్ల దగ్గర కూర్చోండి. క్యాంపస్‌లో అందరి పేర్లూ తెలిసింది చాలాసార్లు అటెండర్ అన్నకే! ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాయండి. తెలియనిచోట ‘గుర్తించలేదు’ అని రాయండి. ఊహించి పేరు పెట్టొద్దు.

నాలుగో వారం: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే భవనంలో ఉండేలా భద్రపరచండి. దీన్నే 3-2-1 పద్ధతి అంటారు. రెండు పేజీల నివేదిక రాసి, ఒక ప్రతి కాలేజీకి ఇవ్వండి, ఇంకొకటి మీ రెజ్యూమెకు జతచేయండి.

ఏటా జూన్ 9న అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినోత్సవం. ఆ రోజు పది ఫొటోలతో, సరైన పేర్లతో కాలేజీ వరండాలో చిన్న ప్రదర్శన పెట్టండి. చూడటానికి వచ్చే పాత విద్యార్థులే మీకు మిగతా పేర్లు చెబుతారు. కొందరు ఇంట్లో దాచుకున్న ఫొటోలు కూడా తెచ్చిస్తారు. తెచ్చిన ప్రతి ఫొటోకూ ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ షరతుతో ఇచ్చారో రాసి రసీదు ఇవ్వడం మర్చిపోకండి.